పాత ప్లేయర్ తన సొంత టీమ్ మ్యాచ్‌కి న్యాయంగా కామెంటరీ చెప్పగలడా?

నాగావళి_రెడ్ (శ్రీకాకుళం)

అందరికీ నమస్తే. నేను ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ ఫ్యాన్‌ని, నవ్వుకోవాలనుకున్నోళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత విషయంలోకి వద్దాం.

మొన్న డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఫ్రెండ్ రూమ్‌లో మ్యాచ్ చూశాం, అయిపోయాక కింద టీ బండి దగ్గర నిలబడి గంటసేపు ఒకటే గొడవ. మావాడు ఆర్సెనల్ ఫ్యాన్. వాడి బాధేటంటే ఇంగ్లండ్ ఛానెళ్లలో ఎటు చూసినా పాత యునైటెడ్ ప్లేయర్లే, గ్యారీ నెవిల్, రాయ్ కీన్, 2025 దాకా రియో ఫెర్డినాండ్, వీళ్లంతా కూర్చుని ఏ మ్యాచ్ గురించి మొదలెట్టినా తిప్పి తిప్పి యునైటెడ్ దగ్గరికే తెస్తారు, వీళ్లు న్యాయంగా ఎలా చెప్తారూ అని. నేనన్నాను, ఒరే నెవిల్ యునైటెడ్‌ని తిట్టినట్టు ఇంకెవరూ తిట్టరు కదా, ఓనర్లు గ్లేజర్లని అయితే ఏళ్ల తరబడి ఏకిపారేస్తున్నాడు కదా అని. దానికి వాడు, అదీ ప్రేమే, సొంతోడు కాబట్టే అంత కడుపుమంట, ఫుల్‌హామ్ లాంటి వేరే క్లబ్ ఓడిపోతే అలా అరుస్తాడా అన్నాడు.

నాకు అక్కడ నోరు పడిపోయింది. పొగిడితే ప్రేమ, తిడితే కూడా ప్రేమే అంటే ఇంక ఆ మనిషి ఏం చెయ్యాలి? సొంత టీమ్ మ్యాచ్ ఉన్న రోజు ఇంట్లో పడుకోవాలా? లేదా ఆడినవాళ్లే బెటరా, ఎందుకంటే లోపల ఏం జరుగుతుందో వాళ్లకే తెలుస్తుంది కదా. మీకు తెలిసిన ఉదాహరణలు చెప్పండి, క్లబ్బుల పేరు మీద బూతులు మాత్రం వద్దు.

ఆఫ్‌సైడ్_ఆమదాలవలస

ఇందులో ఆలోసించడానికి ఏటుంది గురూ, సెప్పలేరు. ఒక్క ముక్క గుర్తు సేస్తాను సూడు.

2019 మార్చి, పారిస్‌లో ఫ్రాన్స్ క్లబ్బు పీఎస్‌జీ మీద మీ యునైటెడోళ్లు 3-1 కొట్టారు, ఆఖర్న రాష్‌ఫర్డ్ పెనాల్టీ, గుర్తుందా? రెండు మ్యాచ్‌ల్లో మొదటిది (ఫస్ట్ లెగ్) 2-0 ఓడిపోయి మరీ పై రౌండ్‌కెళ్లారు. అప్పటికి సోల్‌షేర్ యునైటెడ్‌కి ఇంకా టెంపరరీ కోచే. ఆ రాత్రి టీవీలో ఫెర్డినాండ్ ఏటన్నాడు? కాంట్రాక్టు కాయితం టేబుల్ మీద పెట్టండి, ఎంత కావాలో ఆయన్నే రాసుకోమనండి, సంతకం సేయించండి అన్నాడు. నెల తిరక్కుండా మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చీసారు కూడా. తర్వాత ఏటయిందో నీకంటే బాగా ఎవడికి తెలుసు. 2021 అక్టోబర్లో మీ గ్రౌండ్‌లోనే లివర్‌పూల్ చేతిలో 5-0.

సోల్‌షేర్ తన పాత జట్టోడు కాకపోతే ఆ మాట ఆ నోటంట వచ్చేదా? అదే వేరే క్లబ్బు టెంపరరీ కోచ్ ఒక మ్యాచ్ గెలిస్తే ఆగండి బాబూ సీజన్ అవనీండి అనేవోడు. అంతే, కేసు క్లోజ్.

గంటస్తంభం_కబుర్లు (విజయనగరం)

విజయనగరం వాళ్లకి ఈ పంచాయితీ మీ నెవిల్ పుట్టకముందు నుంచీ తెలుసు బ్రో. విజ్జీ స్టేడియం అని మా ఊళ్లో పేరు పెట్టుకున్నాం కదా, ఆ విజ్జీ ఎవరు? 1936లో ఇంగ్లండ్ టూర్‌కి ఇండియా క్రికెట్ కెప్టెన్. మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్స్, మొత్తం 33 రన్స్. టూర్ మధ్యలో లాలా అమర్‌నాథ్ లాంటోడిని ఇంటికి పంపించేసింది కూడా ఆ టూర్‌లోనే. తర్వాత బోర్డు ప్రెసిడెంట్ అయ్యాడు, ఆ తర్వాత రేడియో కామెంటేటర్ అయ్యాడు, 1959లో ఇండియా ఇంగ్లండ్ వెళ్తే బీబీసీలో కూడా గెస్ట్‌గా మాట్లాడాడు. ఇప్పుడు చెప్పండి, కెప్టెన్, ప్రెసిడెంట్, కామెంటేటర్ మూడూ ఒకే మనిషి! ఆయన సెలక్షన్ బాలేదని ఎవరిని అనాలి, అద్దంలో చూసి తననే అనుకోవాలి. అదీ రేడియో, వినేవాడికి బంతి కనపడదు, ఆయన ఏం చెప్తే అదే మ్యాచ్.

ఇంకోటి, పాత టీమ్ మీద ప్రేమ కంటే జీతం ఎవరిస్తున్నారన్నది పెద్ద విషయం. మన క్రికెట్‌లో 2016 ఐపీఎల్ ముందు హర్షా భోగ్లేని తీసేశారు, 2020లో మంజ్రేకర్‌ని ప్యానెల్ నుంచి పక్కన పెట్టారు. భోగ్లే ఇండియాకి ఆడలేదు, మంజ్రేకర్ ఆడాడు, ఇద్దరికీ అయింది ఒకటే. అది చూసినోడు మైక్ ముందు నోరు తెరిచే ముందు రెండుసార్లు ఆలోచించుకుంటాడా లేదా?

పీఈఎస్_పిచ్చోడు

ఆఫ్‌సైడ్ అన్నా, కేసు అంత తొందరగా క్లోజ్ చెయ్యకు. నాదొక ప్రశ్న అందరికీ. మనకి ఇండియాలో మ్యాచ్ టైమ్‌లో వచ్చేది ఇంగ్లండ్ ఛానెల్ స్కై వాళ్ల కామెంటరీ కాదు కదా, ప్రీమియర్ లీగ్ వాళ్లు బయటి దేశాలకి పంపించే ఫీడ్. నెవిల్, పాత లివర్‌పూల్ ప్లేయర్ క్యారగర్ మనకి ఎక్కువగా యూట్యూబ్ ముక్కల్లోనే తగుల్తారు. మరి లైవ్‌లో ఇన్నేళ్లూ మెయిన్ కామెంటేటర్ పీటర్ డ్రూరీ పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడిన రెండో గొంతు ఎవరిది? జిమ్ బెగ్లిన్. పీఈఎస్ అనే ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఆడినోళ్లకి ఆ గొంతు నిద్దట్లో కూడా గుర్తుంటుంది.

ఆ బెగ్లిన్ ఏ టీమ్‌కి ఆడాడో మీలో ఎంతమందికి తెలుసు? లివర్‌పూల్! 1986లో లీగూ ఎఫ్ఏ కప్పూ రెండూ కొట్టిన టీమ్‌లో లెఫ్ట్ బ్యాక్. 1987లో ఎవర్టన్ మీద ఆడుతూ కాలు విరిగింది, ఆ తర్వాత ఆ స్థాయికి మళ్లీ రాలేదు. అంటే క్లబ్ మీద ప్రేమ, ఎవర్టన్ మీద కోపం, రెండూ ఉండటానికి సరిపడా కథ ఉంది. ఆయన లివర్‌పూల్ మ్యాచ్‌లకీ, లివర్‌పూల్-ఎవర్టన్ మ్యాచ్‌లకీ కూర్చున్నాడు, మనం ఏళ్ల తరబడి విన్నాం, ఎప్పుడైనా ఎవరికైనా అనుమానం వచ్చిందా? నాకైతే ఆయన వికీపీడియా పేజీ చూసేదాకా తెలీదు. లీ డిక్సన్ కూడా అంతే, ఆర్సెనల్ రైట్ బ్యాక్, కో-కామెంటరీలో ఎక్కడా అతి ఉండదు.

సో చెప్పగలరు. చెప్పేవాళ్లు వైరల్ అవ్వరు, అంతే.

పాత_గోలీ (విజయనగరం)

పిల్లలూ, మంచి చర్చ పెట్టారు. యూనివర్సిటీ దాకా గోల్‌కీపర్‌గా ఆడాను, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను ఓపికుంటే చదవండి.

మీరందరూ కామెంటరీ అంటే ఒకటే పని అనుకుని వాదిస్తున్నారు. అందులో రెండు రకాల మాటలుంటాయి. ఒకటి, ఇప్పుడు ఏం జరిగింది అనేది. రెండోది, ఇకముందు ఏం చెయ్యాలి, ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి, ఎవరిని కొనాలి అనేది. మొదటి రకంలో అబద్ధం చెప్పడం కష్టం, ఎందుకంటే వెనకాల రీప్లే తిరుగుతూ ఉంటుంది. ఉదాహరణకి క్రాస్ వచ్చి దూరపు పోస్ట్ దగ్గర గోల్ పడింది అనుకోండి. మామూలు జనం గోలీని తిడతారు, లేదా హెడ్ కొట్టినోడిని పొగుడుతారు. ఆడినవాడు ఏం చూస్తాడంటే, బంతి వింగ్‌లో ఉన్నప్పుడే అటువైపు ఫుల్‌బ్యాక్ మెడ ఎటు తిరిగి ఉంది అని. వాడు బంతినే చూస్తున్నాడు, ఒక్కసారి కూడా భుజం మీంచి వెనక్కి చూసుకోలేదు, ఒళ్లు పూర్తిగా బంతి వైపే తిప్పేసి కాళ్లు పాతేశాడు, వాడి వెనకాల్నుంచి మనిషి నడుచుకుంటూ వచ్చి కొట్టాడు. ఇది నెవిల్ చెప్పినా క్యారగర్ చెప్పినా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే స్క్రీన్ మీద ఆ మెడ అందరికీ కనిపిస్తోంది. అక్కడ యునైటెడ్ డిఫెండర్ అని వెనకేసుకురావాలని చూస్తే మర్నాడు ప్రపంచమంతా నవ్వుతుంది.

ఫెర్డినాండ్ మాట చూడండి ఇప్పుడు. ఆ రాత్రి ఆట గురించి ఆయన చెప్పిన దాంట్లో తప్పేం లేదు, తిరగబడి గెలిచారు, నిజమే. తేడా కొట్టింది రెండో రకం మాటలో, కాంట్రాక్టు ఇచ్చెయ్యండి అన్న చోట. దానికి రీప్లే ఉండదు, రెండేళ్ల తర్వాత గానీ తేలదు. అలాగే సోల్‌షేర్ చివరి రోజుల్లో నెవిల్‌ని జనం తిట్టిందీ అక్కడే. ఆట అధ్వాన్నంగా ఉందని చెప్పాడు, టీమ్‌కి ఒక పద్ధతి లేదని చెప్పాడు, కానీ కోచ్‌ని తీసెయ్యమని మాత్రం నేను అడగను, ఏ కోచ్ విషయంలోనూ అడగను అన్నాడు. ఆ నియమం అందరికీ పెట్టుకున్నదే అయినా, స్నేహితుడు కాబట్టి నాలుక వెనక్కి లాగింది అని జనం అనుకున్నారు. నవంబర్లో వాట్‌ఫర్డ్ మీద 4-1 ఓడాక క్లబ్బే తీసేసింది.

నేను చెప్పేదేంటంటే వీళ్ల ప్రేమ జెర్సీ మీద కాదు. ఏళ్ల తరబడి పక్కపక్కన బట్టలు మార్చుకున్న మనిషి మీద. అదే రాయ్ కీన్, సోల్‌షేర్ ఉన్న రోజుల్లోనే ఆటగాళ్లని చీల్చి చెండాడాడు. 2021 నవంబర్లో మగ్వాయర్ ఇంగ్లండ్ తరఫున గోల్ కొట్టి చెవుల దగ్గర చేతులు పెట్టి సంబరం చేసుకుంటే సిగ్గుచేటు అన్నాడు మొహమాటం లేకుండా. మగ్వాయర్ అప్పుడు యునైటెడ్ కెప్టెనే కదా, మరి జెర్సీ ప్రేమ ఏమైపోయింది? మగ్వాయర్‌తో ఆయన ఎప్పుడూ ఆడలేదు, అంతే తేడా. కాబట్టి మీరు అడగాల్సింది ఏ క్లబ్‌కి ఆడాడు అని కాదు, ఇప్పుడు ఆ బెంచి మీద కూర్చున్నోడు ఇతనికి ఏమవుతాడు అని.

రీప్లే లేకపోతే ఏమవుతుందో చూడాలంటే మన పల్లెల్లో సంక్రాంతి టోర్నమెంట్‌కి వెళ్లండి. నేనాడే రోజుల్లో ఒకచోట ఆ ఊరి పాత కెప్టెనే మైక్ పట్టుకునేవాడు. బల్ల మీద మైకు, పక్కన చందాల రశీదు పుస్తకం, పెద్ద గాజు గ్లాసులో టీ. వాళ్ల డిఫెండర్ కాలుజారి పడితే నేల తడిగా ఉందండీ అనేవాడు, మా వాడు అదే చోట పడితే నిర్లక్ష్యం అనేవాడు. నేను నేల మీద పడుకుని రెండు చేతులా పట్టుకున్న బంతికి అదృష్టవశాత్తూ చేతిలో పడింది అన్నాడు మహానుభావుడు! కానీ చూడండి, వాళ్ల గోలీకీ ఆయనకీ మాటల్లేవు, పొలం గట్టు తగాదా. ఆ గోలీ తప్పు చేసినప్పుడు మాత్రం ఎంత వివరంగా, ఎంత కరెక్టుగా చెప్పేవాడో, అడుగు ఎక్కడ వెయ్యాలి, మోకాలు ఎలా వంచాలి, ఒక కోచింగ్ క్లాసు నడిచేది. తెలివి ఎప్పుడూ ఉంది, ఎవరి మీద వాడాలో మాత్రం ముందే నిర్ణయించుకున్నాడు. గంటస్తంభం బాబు విజ్జీ గారి రేడియో గురించి చెప్పింది కూడా ఇదే దారి.

ఆఫ్‌సైడ్_ఆమదాలవలస

మాస్టారూ నేల తడి అన్న ముక్కకి నవ్వు ఆపుకోలేకపోయాను. మా ఊరి మైకోడు కూడా అలగే, బంతి ఎల్లి తాటిసెట్టుకి తగిలినా గాలి తోసీసింది అంటాడు.

సరే ఒప్పుకోను గానీ ఒకటి అడుగుతాను. నెవిల్ బయట యాపారాలు సేస్తాడు కదా, దాని సంగతేటి? పాత జట్టోళ్లతో కలిసి సాల్‌ఫర్డ్ సిటీ క్లబ్బు కొన్నాడు, అప్పట్లో అందులో పీటర్ లిమ్ కూడా వాటాదారు. ఆ లిమ్‌దే స్పెయిన్ క్లబ్బు వలెన్సియా. 2015 డిసెంబర్లో కోచింగులో పెద్ద అనుభవం లేని నెవిల్‌ని తీసుకెల్లి వలెన్సియాకి కోచ్‌ని సేసీసాడు. బార్సిలోనా చేతిలో 7-0 తిని, నాలుగు నెలలు తిరక్కుండా ఇంటికొచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చుని పక్కోళ్ల కోచింగు బాగోలేదని సెప్తన్నాడు. దీన్నేటంటారు?

పాత_గోలీ (విజయనగరం)

దాన్ని ధైర్యం అంటారు బాబూ. కానీ నీ పాయింటు కరెక్టు, అది క్లబ్ ప్రేమ కంటే పెద్ద లెక్క. 2016లో ఆర్సెనల్ దగ్గర ఇదే వచ్చింది. వాళ్ల పాత ప్లేయర్ థియరీ హెన్రీ కుర్రాళ్ల టీమ్‌కి కోచ్‌గా చేస్తానన్నాడు, కోచ్ వెంగర్ టీవీ అయినా వదులుకో, కోచింగ్ అయినా వదులుకో, రెండు పడవల మీద కాళ్లు కుదరవు అన్నాడు, హెన్రీ టీవీ వైపే వెళ్లాడు. అంతకుముందు ఏడాదే ఫార్వర్డ్‌గా జిరూ ఉంటే ఆర్సెనల్ లీగ్ గెలవలేదు అని హెన్రీ టీవీలో అనేశాడు మరి. పొద్దున్న కుర్రాళ్లకి పాఠం చెప్పి, రాత్రి వాళ్ల సీనియర్‌ని టీవీలో విమర్శిస్తానంటే క్లబ్ ఎలా ఒప్పుకుంటుంది.

గంటస్తంభం_కబుర్లు (విజయనగరం)

క్లబ్ ఒప్పుకోకపోతే ఎలా ఉంటుందో కీన్‌కే తెలుసు. 2005లో మిడిల్స్‌బ్రో మీద 4-1 ఓడిపోయారు, ఆయన దెబ్బ తగిలి ఆడలేదు, యునైటెడ్ సొంత ఛానెల్ ఎంయూటీవీలో కూర్చోబెడితే సొంత టీమ్‌మేట్లని పేరుపేరునా కడిగేశాడు. క్లబ్ ఆ ప్రోగ్రామ్ బయటికి రానివ్వలేదు. నవంబర్లో కీన్ క్లబ్బులో లేడు. అప్పటికింకా పాత ప్లేయర్ కూడా కాదు, కెప్టెన్! సొంత టీమ్ గురించి ఉన్నదున్నట్టు చెప్పలేరు అంటారు గానీ చెప్పినోడికి ఏమైందో కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

అందుకే ఎవడి ఛానెల్‌లో మాట్లాడుతున్నాడో నేను ముందు చూస్తాను. క్లబ్ సొంత యూట్యూబ్‌లో పాత ప్లేయర్ వచ్చి మాట్లాడితే అది పెళ్లి వీడియో కింద లెక్క.

నాగావళి_రెడ్ (శ్రీకాకుళం)

ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. మాస్టారూ మీరు చెప్పిన రెండు రకాల మాటలు నాకు బాగా ఎక్కింది. కానీ ఒక డౌటు మిగిలింది. 2012లో బార్సిలోనా-చెల్సీ సెమీస్, చెల్సీ పదిమందితో ఆడుతున్నారు, చివర్లో వాళ్ల టోరెస్ ఒక్కడే సగం గ్రౌండ్ పరిగెత్తి గోలీ వాల్డెస్‌ని దాటించి గోల్ కొడితే నెవిల్ కామెంటరీ బాక్స్‌లో ఒక మూలుగు లాంటి కేక పెట్టాడు కదా, ఆ క్లిప్ ఇప్పటికీ తిరుగుతుంది. అది ఏ రకం మాట? అందులో మాటే లేదు. మా ఆర్సెనల్ వాడు ఆ క్లిప్ చూపించి ఇంగ్లీషోడు కాబట్టి ఇంగ్లీషు టీమ్‌కి అరిచాడు అంటాడు.

పీఈఎస్_పిచ్చోడు

టోరెస్ అంతకుముందు లివర్‌పూల్ బ్రో. 2009లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 4-1 కొట్టినప్పుడు యునైటెడ్ డిఫెండర్ విడిచ్‌ని ఆడుకున్నది వాడే. యునైటెడ్ మనిషికి ఆ కుర్రాడి మీద ప్రేమ ఎక్కడుంటుంది చెప్పు? అది ఆట మీద ఆశ్చర్యంతో వచ్చిన కేక, అంతే. అలాంటివి కూడా లేకపోతే ఇంక కామెంటేటర్ ఎందుకు, స్కోరు యాప్ పెట్టుకుంటే చాలు.

ఇంకో మాట. తప్పు చెప్పడం వేరు, పక్షపాతం వేరు. 1995 ఆగస్టులో యునైటెడ్ ఆస్టన్ విల్లా చేతిలో 3-1 ఓడితే అలన్ హాన్సెన్ పిల్లలతో ఏదీ గెలవలేరు అన్నాడు, ఆ పిల్లలే ఆ సీజన్ లీగూ కప్పూ రెండూ ఎత్తారు. హాన్సెన్ పాత లివర్‌పూల్ కెప్టెన్ కాబట్టి అక్కసుతో అన్నాడు అనొచ్చు. కానీ ఆ రోజు ఆ టీమ్‌ని చూసి అలా అనుకోనివాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు?

నైట్_మ్యాచ్_నర్సన్నపేట

నాకు నచ్చేది అలన్ షియరర్ పద్ధతి. న్యూకాజిల్ తరఫున 206 గోల్స్, ఆ క్లబ్ రికార్డు ఆయనదే. 2009లో ఎనిమిది మ్యాచ్‌ల కోసం కోచ్‌గా వెళ్లి టీమ్ కింది లీగ్‌కి దిగిపోవడం కూడా చూశాడు. మళ్లీ వచ్చి బీబీసీలో కూర్చున్నాడు, నాది న్యూకాజిల్ అని దాచుకోడు. 2025 మార్చిలో వాళ్లు లివర్‌పూల్‌ని 2-1తో ఓడించి లీగ్ కప్ గెలిస్తే, 1955 తర్వాత మొదటి దేశవాళీ కప్పు అది, షియరర్ వెంబ్లీలో స్టాండ్స్‌లో నిలబడి మామూలు అభిమానిలా గెంతాడు. ఆయన న్యూకాజిల్‌కి పెనాల్టీ ఇవ్వాల్సింది అన్నాడనుకో, వినేవాడు ఎంత తగ్గించుకుని వినాలో అంత తగ్గించుకుని వింటాడు. నాకు ఏ టీమూ లేదు, నేను న్యూట్రల్ అని చెప్పుకునేవాళ్లతోనే భయం, వాళ్ల దగ్గర ఎంత తగ్గించాలో తెలీదు.

నాగావళి బ్రో, యునైటెడ్-లివర్‌పూల్ మ్యాచ్‌కి నువ్వే ఛానెల్ ఓనర్ అయితే ఎవరిని పెడతావ్?

నాగావళి_రెడ్ (శ్రీకాకుళం)

నెవిల్‌నీ క్యారగర్‌నీ పక్కపక్కనే పెడతాను, ఇద్దరూ ఒకే క్లబ్‌కి జీవితమంతా ఆడినోళ్లు.

గంటస్తంభం_కబుర్లు (విజయనగరం)

స్కై చేసేది అదే కదా. 2013లో క్యారగర్ రిటైర్ అవ్వగానే తీసుకొచ్చి నెవిల్ పక్కన కూర్చోబెట్టారు. ఆ ఛానెల్‌కి కావాల్సింది న్యాయం అని ఎవరన్నారు, ఇద్దరి తగాదాకే జనం వస్తారు, అదే అమ్ముతున్నారు. నెవిల్ మరీ నిష్పక్షపాతంగా తయారైతే ముందు బాధపడేది వాళ్లే.

నాగావళి_రెడ్ (శ్రీకాకుళం)

అప్‌డేట్: ఈ థ్రెడ్ మొత్తం మావాడికి పంపించాను. అన్నీ చదివాడు, ఒక్క దాని మీదే ఆగిపోయాడు. బెగ్లిన్ లివర్‌పూల్ ప్లేయర్ అని వాడికి కూడా ఇవాళే తెలిసిందట. ఇప్పుడేమో "నేను అప్పుడే అనుకున్నాను, ఆర్సెనల్ మ్యాచ్‌ల్లో ఆ గొంతు ఎప్పుడూ కొంచెం డల్‌గా ఉండేది" అంటున్నాడు.

పీఈఎస్_పిచ్చోడు

గేమ్‌లో కూడానా అని అడుగు.